నడిచి కొండెక్కబోతున్న నానికి

నానీ,

అలిపిరి నుంచి నడిచెళ్తానని మొక్కుకున్నావట, మీ అమ్మ చెప్పింది. షుగరని తెలిసి ఏడాది తిరక్కుండానే 3,550 మెట్లంటే ముచ్చటేసింది. చెప్పుల్లేకుండా అనేసరికి గుండె జారింది.

మందులు, షుగర్ మిషన్, నీళ్లు సంచిలో పడెయ్. సూది గుచ్చేముందు చెయ్యి కడుక్కో. అరటిపండు ఒలిచిన వేలితో చూస్తే లేని షుగర్ చూపిస్తుంది.

షుగర్ బిళ్లల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇంత చెప్పను. గ్లిమిపిరైడ్ కూడా వేసుకుంటున్నావు కదా, అది నువ్వు తిన్నా తినకపోయినా షుగర్ని దించే ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. అందుకే ఉపవాసం వద్దు. ఆ రోజు బిళ్ల తగ్గించాలేమో డాక్టర్ని ముందే అడుగు. బయల్దేరేముందు షుగర్ 100 లోపుంటే రెండిడ్లీలు తిను. మెట్లెక్కితే ఎవరికైనా చెమట, దడ ఉంటాయి, షుగర్ పడిపోయినా ఎక్కడం వల్లే అనుకుంటావు. చేతులు వణికినా, ఉన్నట్టుండి ఆకలేసినా కూర్చుని చూసుకో. 70 లోపుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడు. లడ్డూ కాదు నాయనా, నెయ్యి ఉంటే చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.

ఇక కాళ్లు. మీ నాన్న పాదాలకు షుగర్ వల్ల స్పర్శ పోయిన సంగతి వాడికే తెలీదు. నొప్పి లేదు కాబట్టి బాగున్నాయనుకున్నాడు. పెళ్లిపనుల్లో తిరిగొచ్చి, వేడినీళ్ల బకెట్లో గుప్పెడు కళ్లుప్పు వేసి, కాళ్లు పెట్టి పేపరు చదువుతూ కూర్చున్నాడు. మీ అమ్మ ఆ నీళ్లలో వేలు ముంచి అరిచింది. అప్పటికే చిటికెనవేలు పక్క తోలు తెల్లగా ఉబ్బింది. ఆ బొబ్బను చిదిమి, పసుపద్ది, మేజోడు తొడిగి పనులకు పోయాడు. కాలు వాసనొచ్చాక గానీ ఆసుపత్రికి రాలేదు. వేలు తీసేశారు. చదువుకున్నవాడే, మొండివెధవ! నీళ్ల వేడి మోచేత్తో చూడాలని ఒక్కరు చెప్పుంటే...

మొక్కు మార్చుకోరా. వెళ్లేముందు అరికాలికి నైలాన్ పోగు పరీక్ష చేయించు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే పోగు అది, వంగినా నీకు తగల్లేదంటే స్పర్శ తగ్గినట్టే. మెత్తటి పాత బూట్లే వేసుకో, కొత్తవి కొరుకుతాయి. తొడిగేముందు లోపల చెయ్యిపెట్టి రాయీరప్పా చూడు. పైకెళ్లాక కాళ్లు కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టి, అద్దం నేలమీద పెట్టి అరికాళ్లు చూసుకో. బొబ్బ లేస్తే చిదమకు, శుభ్రంగా కట్టుకట్టి డాక్టరుకి చూపించు.

ఎర్రబడితే, నొప్పి లేకపోయినా, ఫొటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటాను.

మీ అత్త