రోమ్ నుంచి ఒక్కరోజుకి: మెట్లెక్కలేని అమ్మగారితో ఓర్వియేతో

రోమ్‌లో ఒకరోజు ఖాళీ ఉంది, పాత ఊరేదైనా చూడాలి, కానీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులు అన్నారు కదా. ఓర్వియేతో అనే ఊరికి వెళ్లండి. ఊరు నిట్టనిలువు కొండ మీదున్నా భయం లేదు, రైల్వే స్టేషన్ ఎదురుగానే ఫ్యునిక్యులర్ (తాడుతో కొండ మీదికి లాగే చిన్న రైలు) ఎక్కొచ్చు. పైన దిగాక కతీడ్రల్ (ఊళ్లోని పెద్ద చర్చి) దాకా చిన్న బస్సు ఉంటుంది. రోమ్‌లోని తెర్మినీ స్టేషన్‌లో ప్రాంతీయ రైలెక్కండి, చవక. కాగితం టికెట్టయితే ఎక్కేముందే మెషిన్‌లో ముద్ర వేసుకోవాలి, మర్చిపోతే జరిమానా.

కతీడ్రల్ 1290లో మొదలైంది. ముందు గోడ పడమటి వైపుకి ఉంటుంది, అందుకే మధ్యాహ్నం దాటాక వెళ్తే బంగారు మొజాయిక్‌లు ధగధగలాడతాయి. లోపల చిత్రకారుడు సిన్యొరెల్లి వేసిన కుడ్యచిత్రాలు వదలొద్దు. భోజనంలో అడవిపంది సాసు అక్కడ మామూలే, శాకాహారులైతే ముందే అడగండి.

సెయింట్ ప్యాట్రిక్ బావిలోకి మాత్రం మీరొక్కరే దిగండి: 53 మీటర్ల లోతు, 248 మెట్లు. 1527లో రోమ్ దోపిడీ తర్వాత ఇక్కడికి పారిపోయి వచ్చిన పోప్ ఏడవ క్లెమెంట్, ముట్టడి జరిగినా నీళ్లకి కరువు రాకూడదని తవ్వించాడు. దిగే మెట్లు వేరు, ఎక్కే మెట్లు వేరు; రెండూ మెలికలు తిరుగుతూ సాగుతాయి కానీ దారి మధ్యలో ఎక్కడా కలవవు. నీళ్లు మోసే కంచరగాడిదలు ఎదురుపడకుండా ఆ ఏర్పాటు. నాకైతే కతీడ్రల్ కంటే ఇదే నచ్చింది! బావి ఫ్యునిక్యులర్ పక్కనే కాబట్టి తిరిగొచ్చేటప్పుడు చూడండి, అమ్మగారు ఈలోపు అక్కడే ఉన్న కోట తోటలో కూర్చుంటారు.