మీ చెల్లిది ఒట్టి పరీక్షల టెన్షన్ కాదు

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ వాడలో పీజీ దాకా వచ్చిన మొదటి అమ్మాయి మీ చెల్లి. మెస్‌లో తను కంచం పెట్టుకుని కూర్చోగానే పక్కవాళ్లు లేచి వేరే బల్లకు పోతున్నారు. స్కాలర్‌షిప్ రాక బకాయి పేరుకుంది, నిద్ర లేదు. కౌన్సిలరేమో టైమ్‌టేబుల్ వేసుకో, యోగా చెయ్ అన్నారు.

యోగా మంచిదే, కానీ ఆ సలహా అసలు బాధను తాకలేదు. 'కోటా సీటు' అన్న మాట, 'ఆడపిల్లకు ఇంత చదువెందుకు' అన్న మాట తను ఒకే రోజు వింటోంది. కులం బాధ, ఆడపిల్ల బాధ, డబ్బు బాధ విడివిడిగా రావు, ఒకదాన్నొకటి పెంచుతాయి. అమెరికాలో నల్లజాతి మహిళల కేసులు చూసి లా ప్రొఫెసర్ కింబర్లే క్రెన్‌షా 1989లో చెప్పింది ఇదే. జాతిని, ఆడతనాన్ని కోర్టులు వేరువేరుగా చూస్తే రెండూ మోస్తున్న మనిషి కనపడలేదు.

ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, రాత్రైనా తెలుగులో మాట్లాడతారు. వేరే కౌన్సిలర్‌ను అడగండి, మొహమాటం వద్దు. కులం, లింగం, వర్గం తేడా లేకుండా మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చిన హక్కు. మెస్ సంగతి తేదీలతో రాసి ఉంచండి. కాలేజీలో ఎస్సీ, ఎస్టీ సెల్‌కు ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం తన ఇష్టం.

చచ్చిపోవాలని ఉందంటే ఒక్క నిమిషం ఒంటరిగా వదలకండి. లేకున్నా ఈ ఆదివారం వెళ్లి, అదే మెస్‌లో తన పక్కన కూర్చుని అన్నం తినండి.