పౌడర్‌కూ, చదును చేసిన బాటకూ ఒకే జత స్కీలు సరిపోతాయా?

కొలరాడోలో ఉంటాననీ, ఎత్తు 163 సెంటీమీటర్లనీ, ఓ మోస్తరుగా స్కీయింగ్ వచ్చనీ చెప్పి, పౌడర్‌కూ, అంటే తాజాగా పడిన మెత్తటి మంచుకూ, యంత్రంతో చదును చేసిన బాటకూ పనికొచ్చే మహిళల స్కీలు చెప్పమని మీరు అడిగారు.

ముందు చూడవలసింది నడుము, అంటే బూటు కింద స్కీ వెడల్పు. 80 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే గట్టి బాట మీద ఒక అంచు నుంచి మరో అంచుకు చకచకా వాలుతుంది, లోతైన పౌడర్‌లో మునుగుతుంది. 105 దాటితే హాయిగా తేలుతుంది కానీ గట్టి మంచు మీద తిప్పేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. మీకు 88 నుంచి 96 మంచిది. పౌడర్ దొరికే రోజులు మనం ఊహించుకునే దానికంటే తక్కువే, కాబట్టి నేనైతే 88 వైపు మొగ్గుతాను. బ్లిజార్డ్ బ్లాక్ పెర్ల్ 88 లాంటి పేర్లలోని అంకె ఈ వెడల్పే.

దుకాణంలో స్కీని నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. మధ్యలో విల్లులా కాస్త లేచి ఉంటే అది క్యాంబర్, అంచుకు పట్టునిస్తుంది. మూతి ముందుగానే పైకి లేస్తే రాకర్, పౌడర్‌లో తేలుస్తుంది. రెండూ ఉన్నదే తీసుకోండి. రాకర్ వల్ల గట్టి మంచుకు తాకే పొడవు తగ్గుతుంది కనుక మరీ పొట్టివి వద్దు, 158 సెంటీమీటర్లకు అటూఇటూ చాలు.

మహిళల స్కీ అంటే రంగు మార్పు మాత్రమే కాదు, సాధారణంగా తేలికగా, మెత్తగా ఉంటుంది, చాలావాటిలో బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) అమర్చే చోటు కాస్త ముందుకు ఉంటుంది. వేగంగా దూసుకెళ్లేవారికి ఆ మెత్తదనం చాలదు, లోహపు పొర ఉన్నవి చూడాలి. బైండింగ్ బ్రేకు, అంటే ఊడిన స్కీ జారిపోకుండా ఆపేది, కూడా నడుము కంటే కొద్దిగా వెడల్పుండాలి.