మైకు కొనేముందు గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టండి

పాడ్‌కాస్ట్ రికార్డింగ్ గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. దాదాపు అందరూ ముందు మైకు పేరే అడిగారు. గది గురించీ, నోటికీ మైకుకీ మధ్య దూరం గురించీ ఎవరూ అడగలేదు. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దదైంది.

ప్రశ్న: నేనూ మా చెల్లీ కలిసి పిల్లల కథల పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, టైల్స్ వేసిన గది. ఒక మంచం, ఒక బీరువా ఉన్నాయి. ఫోనులో రికార్డు చేసి వింటే మాట బావిలోంచి వచ్చినట్టుంది. అందరూ కండెన్సర్ మైకు కొనమంటున్నారు. కొంటే ఇది పోతుందా?
(ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

జవాబు: పోదండీ, ఇంకా పెరుగుతుంది. ఆ బావి మీ గదిలోనే ఉంది. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. చప్పుడు ఆగాక కూడా సన్నగా ఓ తోక సాగుతోందంటే, ఎదురెదురు గోడలూ, కింది టైల్సూ, పై స్లాబూ ఆ శబ్దాన్ని బంతిలా విసురుకుంటున్నాయన్నమాట. మీ మాటకూ అదే గతి. ఆ తోక ఒకసారి రికార్డులోకి ఎక్కిందంటే, గొంతు చెడకుండా దాన్ని విడదీయడం చాలా కష్టం.

ఖర్చు లేకుండా సగం పని అయిపోతుంది. బట్టలతో నిండిన బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, దానికేసి ముఖం పెట్టి కూర్చోండి. మీ మాట ముందుగా ఆ బట్టలకే తగిలి ఆగిపోతుంది. మైకు మీవైపు చూస్తుంది కాబట్టి మీ వెనక గోడను కూడా అది వింటూనే ఉంటుంది. మంచం మీది పరుపును ఆ గోడకు నిలబెట్టండి. కింద జంపఖానా రెండు మడతలు వేసి పరవండి. బల్ల మీద మందపాటి దుప్పటి వేయండి, లేకపోతే బల్ల చెక్క నుంచి మాట తిరిగి మైకులోకి ఎగురుతుంది. మళ్లీ చప్పట్లు కొట్టి వినండి. తోక తెగి, చప్పుడు పొడిగా 'టప్'మని ఆగితే గది సిద్ధమైనట్టే. గోడలకు గుడ్ల అట్టలు మాత్రం అతికించకండి. పల్చటి అట్ట మాటను పీల్చుకోదు, పైగా ఇట్టే అంటుకుంటుంది.

ఇప్పుడు మైకు. కండెన్సర్ సున్నితమైనది. పక్కవాటా కుక్కర్ విజిల్నీ, కింద వెళ్లే ఆటోనీ కూడా అంతే శ్రద్ధగా వింటుంది. బాగా కట్టిన స్టూడియోలో అది వరం, టైల్స్ గదిలో తలనొప్పి. ఇంకో సంగతి, మన సముద్రపు తేమ. కండెన్సర్ లోపలి భాగానికి తేమ పడితే చిటపటలాడుతుంది. ఆరితే మామూలవుతుందిగానీ సరిగ్గా రికార్డింగ్ రోజునే మొరాయిస్తుంది. డైనమిక్ మైకు మొండిది. దగ్గరి నోటిని బాగా వింటుంది, దూరపు గోలను అంతగా పట్టించుకోదు. ఇళ్లలో రికార్డు చేసుకునేవారికి మేం చెప్పేది అదే. శాంసన్ క్యూ2యూ లాంటి మైకుకు యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో పరికరాలకు తగిలించే మూడు పిన్నుల కనెక్షన్) రెండూ ఉంటాయి. ఇవాళ లాప్‌టాప్‌కు నేరుగా తగిలించుకోవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కొన్నాక అదే మైకు పనికొస్తుంది. మైకు మీదే హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంది, మీ గొంతు ఆలస్యం లేకుండా వినిపిస్తుంది.

నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు దూరం ఉండాలి. నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి కొలుచుకోండి. ఆ దూరం రెట్టింపైతే మీ గొంతు సుమారు 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) తగ్గుతుంది, గది మోత మాత్రం అంతే ఉంటుంది. ఎదురుగా కాకుండా పెదవి మూలకు కొంచెం పక్కగా, ఏటవాలుగా పెట్టండి. తెలుగులో 'ప' కంటే 'ఫ', 'భ' దగ్గరే గాలి ఎక్కువగా వదులుతాం. 'భోజనం, ఫలితం, భయం' అని మామూలుగా అని వినండి. 'బుఫ్' అని తన్నితే మైకును ఇంకో అంగుళం పక్కకు జరపండి, ఫోము తొడుగు వేయండి. తర్వాత 'శాసనసభ' అనండి. 'శ', 'స'లు చెవిలో గుచ్చుకుంటే మైకును పెదవి కంటే కాస్త కిందికి దించండి.

ప్రశ్న: ఇద్దరం మాట్లాడుకునే కార్యక్రమం కదా అని రెండు యూఎస్‌బీ మైకులు కొన్నాం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో ఒక్కటే రికార్డవుతోంది. పైగా సన్నటి గుంయ్ మోత. రెండూ క్యూ2యూలే, విండోస్ లాప్‌టాప్.
(ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు, గాజువాక)

జవాబు: మైకుల తప్పేమీ లేదు. ఆడాసిటీ ఒకసారికి ఒక్క పరికరం నుంచే తీసుకుంటుంది. ఒక్కో యూఎస్‌బీ మైకు లోపల ఒక్కో గడియారం ఉంటుంది, ఆ రెండూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. మ్యాక్‌లో రెంటినీ కలిపి ఒకే పరికరంగా చూపించే ఏర్పాటు ఉందిగానీ, విండోస్‌లో ఆ దారి పట్టకండి. మీ అదృష్టం, క్యూ2యూకి ఎక్స్‌ఎల్‌ఆర్ కూడా ఉంది. రెండు మైకు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్ ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు రెండు కొంటే చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఆ కోవలోదే. సోలో అనే మోడల్‌లో మైకు ఇన్‌పుట్ ఒక్కటే, కొట్లో పొరపాటు పడకండి. డైనమిక్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకుకు పంపే కరెంటు) అక్కర్లేదు, ఆ బటన్ ఆపే ఉంచండి.

ఆడాసిటీలో స్టీరియో ఎంచుకుంటే మొదటి మైకు ఎడమవైపు, రెండోది కుడివైపు పడతాయి. చాలామంది దాన్ని అలాగే ఎక్స్‌పోర్ట్ చేసేస్తారు. అప్పుడు వినేవాళ్లకు ఒకరి గొంతు ఒక చెవిలో, ఇంకొకరిది రెండో చెవిలో వినిపిస్తుంది. బస్సులో ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకున్నవారికి సగం సంభాషణే అందుతుంది. ట్రాక్ మెనూలో 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' నొక్కి, రెండు విడి ట్రాకులు చేసుకుని, ఎవరి దగ్గు వాళ్ల ట్రాకులోనే కోసేయండి.

సోఫాలో పక్కపక్కన కూర్చోకండి. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి మైకు వీపు ఇంకొకరి నోటివైపు ఉంటుంది, ఆ మైకు వెనక నుంచి తక్కువ వింటుంది. నోటికి బెత్తెడు దూరంలో మైకు ఉంటే, రెండు మైకుల మధ్య కనీసం మూడు బెత్తెలు ఉండాలి. అంతకంటే దగ్గరైతే ఒకే గొంతు రెంటిలోనూ పడి డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది.

లెవెల్ పెట్టేటప్పుడు 'హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ' అని మెల్లగా అనకండి. మీ కార్యక్రమంలో ఎంత గట్టిగా నవ్వుతారో అంతే గట్టిగా నవ్వండి. ఆ నవ్వు –12కూ –6 డీబీకీ మధ్య ఆగేలా గెయిన్ (మైకు శబ్దం పెంచే, తగ్గించే గుబ్బ) తిప్పండి. 0 తాకిన చోట గొంతు చిరుగుతుంది, దాన్ని మళ్లీ కుట్టలేం.

ఇక ఆ గుంయ్ మోత. లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మోత ఆగితే దోషి చార్జరు. చార్జర్ తగిలించి ఉండగా, లాప్‌టాప్ లోహాన్ని చేత్తో తాకినప్పుడు మోత మారుతుంటే ఎర్తింగ్ అనుమానించాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చి ఉంటే తీసేయండి, ఎర్త్ సరిగ్గా ఉన్న సాకెట్‌లోనే పెట్టండి. సాకెట్‌లోనే ఎర్త్ లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. ఇది శబ్దం సంగతి ఒక్కటే కాదు, ప్రాణం సంగతి కూడా.

ప్రశ్న: విశాఖ ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఇల్లు. ఫ్యాను ఆపితే ఉడికిపోతున్నాం, వేస్తే మోత. విమానాలు, రైళ్లు సరేసరి. ఆడాసిటీలో మోత తగ్గించే 'నాయిస్ రిడక్షన్' 24 డీబీ పెడితే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టవుతోంది.
(ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: ఫ్యాను రెండు రకాలుగా చెరుపుతుందండీ. గాలి మైకుకు తగిలి బొబ్బొబ్బుమని కొట్టడం ఒకటి. రెండోది చాలామంది గమనించరు: తిరిగే రెక్కల మీద పడి తిరిగొచ్చే మాట ముక్కలై వణుకుతుంది. మీ గొంతులో సన్నటి వణుకు వినిపిస్తే అది మీ వయసు వల్ల కాదు, ఫ్యాను వల్ల. ఏసీ ఉంటే అరగంట ముందే గదిని చల్లబరిచి, ఆపేసి, 15–20 నిమిషాల ముక్కలుగా రికార్డు చేయండి. ఒక ముక్క మధ్యలో ఏసీ వేయడం, తీయడం వద్దు. అతికేటప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

ప్రతి ముక్క మొదట్లో 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. నాయిస్ రిడక్షన్‌కు నమూనాగా ఆ 30 సెకన్లే ఇవ్వాలి. 24 కాదు, 6తో మొదలుపెట్టండి, 9 దాటకండి. ఫ్యాను, ఫ్రిజ్ లాంటి ఒకే తీరు మోతను అది బాగా పడుతుంది. విమానం మోత క్షణక్షణానికి మారుతుంది, దానికి నమూనా అంటూ దొరకదు. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా మీంచి విమానం లేచినప్పుడు మాట ఆపడమే మందు. ఆగి, మోత పూర్తిగా పోయాక, ఆ వాక్యాన్ని మొదటి నుంచీ మళ్లీ చెప్పండి. ఆగిన చోట ఒక చప్పట్టు కొడితే తరంగాల బొమ్మలో నిలువు గీతలా కనిపించి, ఎడిటింగ్‌లో వెతుక్కునే పని తప్పుతుంది.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో మత్స్యకార పెద్దల మాటలు రికార్డు చేయాలనుంది. ఫోను, బోయా బీవై-ఎం1 కాలర్ మైకు ఉన్నాయి. మొదటిసారి వెళ్తే గాలి హోరు తప్ప ఏమీ రాలేదు, మాట కూడా దూరంగా ఉంది.
(ఒక ఉపాధ్యాయిని, పెందుర్తి)

జవాబు: చాలా విలువైన పని తలపెట్టారమ్మా, కాబట్టి జాగ్రత్తగా చేయాలి. మాట దూరంగా ఉందంటే ఆ మైకు పని చేయక, ఫోను సొంత మైకే రికార్డు చేసి ఉంటుంది. బీవై-ఎం1 డబ్బీ మీద చిన్న స్విచ్ ఉంటుంది: ఫోనుకు ఒక స్థానం, కెమెరాకు ఒక స్థానం. ఫోనుకు 'ఆఫ్/స్మార్ట్‌ఫోన్' వైపు ఉండాలి. ఆఫ్ అని రాసి ఉండటం చూసి చాలామంది రెండోవైపు జరుపుతారు. ప్లగ్గు మీద మూడు నల్ల గీతలుంటాయి, పూర్తిగా లోపలికి దిగాలి. ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఫోనుకు వాడే మార్పిడి వైరు మైకును కూడా గుర్తించే రకమై ఉండాలి. పాటలు వినడానికి మాత్రమే పనికొచ్చేవీ ఉన్నాయి. అక్కడికి వెళ్లేముందే ఒక నిమిషం రికార్డు చేస్తూ కాలర్ మైకును గోటితో గీకి, తర్వాత హెడ్‌ఫోన్లో వినండి. గరగర గట్టిగా వినిపిస్తేనే అది పని చేస్తున్నట్టు.

గాలికి మైకుతో వచ్చే పల్చటి ఫోము చాలదు. బొచ్చు తొడుగు వేయండి. పగలు గాలి ఎక్కువగా సముద్రం వైపు నుంచే వీస్తుంది కాబట్టి, మాట్లాడే పెద్దాయనను సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టండి. ఆయన ఒళ్లే గాలికి అడ్డు. బోటు చాటున గానీ, వల మోపుల పక్కన గానీ కూర్చుంటే ఇంకా మేలు. వలలు మాటను చక్కగా పీల్చుకుంటాయి. తెల్లవారుజామున వేలం పాటల మధ్య ఇంటర్వ్యూ పెట్టకండి. ఆ కోలాహలాన్ని విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, తర్వాత మాటల కింద సన్నగా వేసుకోవచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, పెద్దవాళ్లకూ తీరిక దొరుకుతుంది. అయితే మరమ్మతుల సుత్తి మోతలు ఉంటాయి, అవి ఆగే భోజనాల వేళ చూసుకోండి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకండి. ఇంటికొచ్చాక మైకునూ పిన్నునూ పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో మూత బిగించిన డబ్బాలో పెట్టండి. ఉప్పుగాలి పట్టిన పిన్ను కొన్నాళ్లకు చిటపటలాడుతుంది.

ప్రశ్న: మా ఎపిసోడ్ వేరేవాళ్ల వాటికంటే మెల్లగా వినిపిస్తోందంటున్నారు. ఫైలు ఎంత సైజులో ఉండాలి?
(ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: శబ్దం సైజు బట్టి పెరగదు. ముందు 80 హెర్ట్జ్ కంటే కిందున్న బొంగురు మోతను కోసే హైపాస్ ఫిల్టర్ వేయండి, తర్వాత గట్టి మాటలకూ మెల్లని మాటలకూ మధ్య తేడా తగ్గించే కంప్రెషన్ 3:1, చివరగా ఆడాసిటీలో మొత్తం శబ్దాన్ని ఒక మట్టానికి తెచ్చే లౌడ్‌నెస్ నార్మలైజేషన్. స్టీరియోకు –16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత), మోనోకు –19. పీక్ (అన్నిటికంటే గట్టి క్షణం) –1 డీబీ దాటకూడదు. మాటలే కాబట్టి మోనో 96 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, గంటకు సుమారు 43 ఎంబీ. కుదించని అసలు వేవ్ (.wav) ఫైలు మాత్రం చెరపకండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో అయితే గంటకు దాదాపు 520 ఎంబీ. రెండుచోట్ల దాచుకోండి.

ప్రశ్న: అతిథి హైదరాబాద్‌లో, నేను రుషికొండలో. వీడియో కాల్‌ను రికార్డు చేస్తే ఆమె మాట మధ్యమధ్యలో తెగుతోంది.

జవాబు: కాల్‌ను మాట్లాడుకోవడానికే వాడండి. రికార్డింగ్ ఎవరి గొంతు వారి దగ్గరే జరగాలి. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి, లేకపోతే మీ గొంతు ఆమె ఫైల్లో పడుతుంది. ఆమె రెండో ఫోను తీసుకుని, నోటికి జానెడు దూరంలో పెట్టి, దాని రికార్డర్ నడిపితే చాలు. రెండు ఫైళ్లనూ తర్వాత జతపరచడానికి మొదట్లో ఒకటి, ముగింపులో ఒకటి, ఇద్దరూ కలిసి చప్పట్లు కొట్టండి. రెండు పరికరాల గడియారాల మధ్య పదిలక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు జారుతుంది. కొన్ని పరికరాల మధ్య ఇంతకు మించి కూడా ఉంటుంది. చివరి చప్పట్లు కలవకపోతే ఒక ట్రాకును మధ్యమధ్య నిశ్శబ్దాల దగ్గర కోసి జరపండి. ఫైలును వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి. వాయిస్ మెసేజ్‌గా మాట్లాడి పంపితే మాట నలిగి వస్తుంది.