పంటి వేరు సర్జరీకి స్టిరాయిడ్ ఇంజెక్షన్... షుగర్ ఉన్నవాళ్లు తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 46. పై ముందు పంటికి గతంలో రూట్ కెనాల్ చేయించుకున్నా మళ్లీ చీము పట్టింది. వేరు కొస తీసేసే సర్జరీ చేయాలన్నారు. వాపు రాకుండా స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. స్టిరాయిడ్ అంటేనే టెన్షన్‌గా ఉంది. తీసుకోవచ్చా? దానివల్ల గాయం త్వరగా మానుతుందా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. ఈ ఇంజెక్షన్‌తో గాయం త్వరగా మానదు. వాపు, దాంతోపాటు వచ్చే నొప్పి తగ్గుతాయి, అంతే. చిగురు కోసి, ఎముకను కొద్దిగా తొలిచినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు విడుదలై, రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. రెండు మూడు రోజుల్లో బాగా పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. పై ముందు పళ్ల దగ్గరైతే పెదవి, ఒక్కోసారి కంటి కింద కూడా ఉబ్బుతుంది. స్టిరాయిడ్ ఆ రసాయనాలు తయారవకుండా అడ్డుకుంటుంది. అందుకే వాపు వచ్చాక కన్నా సర్జరీ సమయంలో ఇస్తేనే ఉపయోగం ఎక్కువ.

మామూలుగా ఇచ్చేది డెక్సామెథసోన్, 4 నుంచి 8 మిల్లీగ్రాములు, ఒకే డోసు. ఎముకలు గుల్లబారడం, ముఖం ఉబ్బిపోవడం లాంటివి వారాలు, నెలల తరబడి వాడినవాళ్లలో వచ్చే సమస్యలు. ఒక్క ఇంజెక్షన్‌తో వాటి గురించి భయపడాల్సిన పని లేదు.

మీ విషయంలో ఆలోచించాల్సింది షుగర్ గురించే. ఒక్క డోసుతో కూడా షుగర్ ఒకటి రెండు రోజులు బాగా పెరగొచ్చు. అసలే అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ ముప్పూ పెరుగుతుంది. కాబట్టి సర్జరీకి ముందే హెచ్‌బీఏ1సీ పరీక్ష (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) చేయించుకుని, రిపోర్టు మీ డెంటిస్టుకూ షుగర్ డాక్టరుకూ చూపించండి. ఒకే ముందు పంటికి చేసే చిన్న సర్జరీకి ఈ ఇంజెక్షన్ తప్పనిసరేమీ కాదు. షుగర్ ఎక్కువగా ఉంటే అది లేకుండానే చేయమని అడగడం మంచిదని నా అభిప్రాయం. అదుపులో ఉంటే తీసుకోవచ్చు. ఆ రెండు రోజులూ ఇంట్లో షుగర్ తరచూ చూసుకోండి. పెరిగింది కదా అని సొంతంగా మాత్రల డోసు మాత్రం పెంచుకోవద్దు.

కడుపులో పుండ్లు, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గతంలో క్షయ ఉంటే తప్పక చెప్పండి. స్టిరాయిడ్‌తో పాటు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అందుకని నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో ముందే అడిగి రాయించుకోండి.

ఇంజెక్షన్ తీసుకున్నా, తీసుకోకపోయినా మొదటి రోజు బుగ్గ మీద బట్టలో చుట్టిన ఐస్‌తో పది, పదిహేను నిమిషాల చొప్పున ఆగి ఆగి కాపడం పెట్టండి. రాత్రి తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోండి. కుట్లు ఎలా ఉన్నాయో చూద్దామని పెదవి పైకి లాగకండి, అవి ఊడిపోతాయి. పొగ తాగే అలవాటుంటే ఆపండి.

స్టిరాయిడ్ జ్వరాన్ని, ఇన్ఫెక్షన్ లక్షణాలను కొంత కప్పిపుచ్చుతుంది. అందుకే మూడో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరుగుతున్నా, చీము కారుతున్నా వెంటనే డెంటిస్టుకు చూపించండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, కన్ను మూసుకుపోయేంత వాపు వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.