చెరువు గట్టుకి లైటు కొనే ముందు

చి॥ చిన్నబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

భీమవరం దగ్గర చెరువు లీజుకి తీసుకున్నావని, రాత్రి కాపలా కూడా నువ్వే ఉంటున్నావని మీ నాన్న చెప్పాడు. మంచి లైటు ఏదో పెదనాన్నని అడుగు అన్నావట. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదురా, అందుకే రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది విను. నేను రొయ్య వేసిన రెండో ఏడు, తెల్లారగట్ల మూడింటికి కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోయాయి. రాత్రంతా చెరువులో నాచు కూడా రొయ్యతో పాటే ఆక్సిజన్ పీల్చేస్తుంది కదా, తెల్లవారుజామే అసలైన గండం. లైటు లాక్కుని జనరేటర్ వైపు పరిగెత్తాను. భుజాన వేలాడేసుకునే పెద్ద లైటు అది, పైన వెయ్యి గజాలు కొడుతుందని రాసుంది. సగం గట్టు దాటానో లేదో మిణుగురంత అయ్యి ఆరిపోయింది. డీజిల్ మూత చేత్తో తడుముకుని, హ్యాండిల్ దొరికించుకుని జనరేటర్ స్టార్ట్ చేసేసరికి రొయ్య పైకి తేలి అంచులకి చేరిపోయింది. మర్నాడు విప్పి చూస్తే లోపల చిన్న సీసం బ్యాటరీ. అది ఛార్జింగు లేకుండా పడి ఉంటే పాడైపోయే రకం. మార్చుకుందామంటే వైర్లకి అతికించేశారు.

అప్పట్నించీ నేను లైటు కన్నా ముందు దాని సెల్లు చూస్తున్నాను. వెనక మూత తిప్పి సెల్లు బయటికి తియ్యగలగాలి. అది 18650 అనే లిథియం సెల్లయితే మంచిది. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు. ఎక్కడైనా దొరుకుతుంది, రెండోది కొని మకాంలో ఉంచుకోవచ్చు. అయితే ఇక్కడ మోసం ఉంది. ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత ఛార్జింగు పడుతుందో చెప్పే లెక్క. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది ముట్టుకోకు. ఆ సైజులో నిఖార్సైన సెల్లుకి 3500కి అటూ ఇటూగానే పడుతుంది. అనుమానమొస్తే బంగారం కొట్లో తూయించు. అసలుది 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది, దొంగ సెల్లు బెండులా తేలిపోతుంది.

లూమెన్లంటే వెలుగు కొలత, ఆ అంకె చూసి మురిసిపోకు. ఒక మంచి సెల్లు వెయ్యి లూమెన్లు ఇవ్వాలంటే దాదాపు గంటలో ఖాళీ అయిపోతుంది. అదే వంద లూమెన్లయితే రాత్రంతా వస్తుంది, గట్టు మీద నడవడానికి వంద చాలు. కాబట్టి కనీసం మూడు స్థాయిలు ఉన్నది తీసుకో, నొక్కగానే చిన్న వెలుగుతో మొదలయ్యేదైతే ఇంకా మేలు. పెట్టె మీద రాసే గంటలు కూడా చాలా కంపెనీలు వెలుగు పదో వంతుకి పడిపోయేదాకా లెక్కేస్తాయి, గుర్తుంచుకో.

కొట్లోనే లైటు అరచేతి మీద వేసి చూడు. చెయ్యి శవం చెయ్యిలా నీలంగా కనిపిస్తే ఆ లైటొద్దు. ఒంటి రంగు ఒంటి రంగులాగే కనపడాలి. ఎందుకంటున్నానంటే, కొబ్బరాకుల మధ్య రక్తపింజరి పడుకుంటే నీలపు వెలుగులో ఆకుకీ దానికీ తేడా తెలీదు. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. కాస్త పసుపు వైపు ఉండే వెలుగైతే ఆ తేడా పట్టిస్తుంది. ధనుర్మాసం మంచులో లైటు కళ్ళ దగ్గర పట్టుకుంటే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టుంటుంది, నడుం దగ్గర పట్టుకుని నేలమీదికి కొట్టు. ఎంత మంచి లైటున్నా బూట్లు మాత్రం మానకు నాయనా.

చెక్ ట్రే, అదే రొయ్య మేత తిన్నదో లేదో చూసే పళ్ళెం, లాగడానికి రెండు చేతులూ కావాలి. లైటు నోట కరుచుకుని మేత చూసేవాళ్ళని చాలామందిని చూశాను. నువ్వు తలకి కట్టుకునే లైటు కూడా ఒకటి తీసుకో, చవకదైనా సరే. అది పెన్సిల్ సెల్లుతో నడిచేది కావాలి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు లేదు, ఛార్జింగు లైట్లు చచ్చిపడుంటే కిళ్ళీకొట్లో దొరికిన పెన్సిల్ సెల్లే పని చేసింది. వాడనప్పుడు ఆ సెల్లు తీసెయ్యి, కారి స్ప్రింగు తినేస్తుంది.

ఐపీఎక్స్ 7 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని లెక్క. అది మంచినీళ్ళలో చేసే పరీక్ష, మన ఉప్పునీళ్ళలో కాదు. చెరువులో పడితే ముందు మంచినీళ్ళతో కడిగి, ఆరాకే మూత విప్పు. మూత దగ్గర రబ్బరు రింగు ఉందో లేదో కొనేటప్పుడే చూసుకో. ఉబ్బిన సెల్లుని, తొడుగు చిరిగిన సెల్లుని ఛార్జింగులో పెట్టకు. మేత బస్తాల పక్కన ఛార్జింగు పెట్టి నిద్రపోకు.

వెయ్యి రూపాయలు దాటక్కర్లేదు. బిల్లు మాత్రం అడిగి తీసుకో. తెచ్చిన రాత్రే నిండా ఛార్జింగు పెట్టి, మధ్య స్థాయిలో వెలిగించి, మకాంలో బల్ల మీద పెట్టు, ఎన్ని గంటలకి ఆరిందో గడియారం చూసి రాసుకో. పెట్టె మీద చెప్పినదాంట్లో సగమైనా రాకపోతే మర్నాడే వెనక్కిచ్చెయ్యి. ఆ గంటలెన్నో నాకూ ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న