తాడు వేసే ముందు బండని చదవండి

చిరంజీవి అబ్బాయికి,

ఉదయగిరి దగ్గర కుర్రాళ్ళంతా తాళ్ళు వేసి బండలెక్కబోతున్నారని తెలిసి సంతోషించాను. ఎక్కండి. కోట గోడ జోలికి మాత్రం పోవద్దు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో పట్టుకున్న దుర్గం అది. పాత గోడల్లో సున్నం పట్టు ఎప్పుడో సడలిపోయి ఉంటుంది. చేతి బలానికి ఒక్క రాయి కదిలితే చాలు, ఆ సందులో నీళ్ళు దిగి, రావి మొలిచి, గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది.

విడి బండనైనా ముందు చదవాలి. మిట్టమధ్యాహ్నం ఎండకి అరిగిన శాసనం కనబడదు. పొద్దు వాలేటప్పుడు టార్చిలైటుని బండకి ఆనించి పక్కవాటంగా వెలుతురు వెయ్యి, ప్రతి గీతకీ నీడ లేస్తుంది. అక్షరం, తొలిచిన మెట్టు, ఎర్రరంగు బొమ్మ, ఏది కనిపించినా ఆ బండ వదిలెయ్యండి. బొమ్మ స్పష్టంగా కనబడాలని నీళ్ళు చల్లొద్దు, సుద్దముక్కతో దిద్దొద్దు.

పట్టు జారకుండా చేతులకి పూసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బోనేటు. అది నీళ్ళకి తేలిగ్గా కరగదు. బొమ్మ మీద పడ్డదాన్ని రుద్దితే రంగు కూడా దాంతో పోతుంది. మామూలు బండ మీద కూడా దిగేటప్పుడు మెత్తటి నైలాన్ బ్రష్షుతో దులపండి. ఇనుప బ్రష్షు వద్దు.

తాడు తగిలించడానికి రాతిలో బెజ్జం చేసి దిగ్గొట్టే బోల్టులు అసలే వద్దు. 10 మిల్లీమీటర్ల బెజ్జం పడ్డాక రాయి మళ్ళీ పూడదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే చుట్టూ పగులుతుంది. పైన గట్టి చెట్టుకో కదలని గుండుకో రెండు వేర్వేరు చోట్ల కట్టి తాడు దించండి. రెండు కట్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటనివ్వొద్దు. అంచు దగ్గర తాడు కింద మడతపెట్టిన గోనెసంచి వేస్తే తాడూ తెగదు, రాయికి గాడీ పడదు.

భైరవకోనలో ఎనిమిది గుహాలయాలూ కొండలో తొలిచినవే. వాటి నెత్తిన ఎక్కితే రాలే రాయి పడేది శిల్పం మీద. పైగా దుర్గమ్మ తలపైన బూట్లతో తిరిగితే భక్తుల మనసు కష్టపడదా? కేంద్రం రక్షించే కట్టడాల చుట్టూ 100 మీటర్లలో కట్టుబడికీ తవ్వకాలకీ నిషేధం ఉంది. మీరూ అదే గీత గీసుకోండి. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు దాకా ఉంది.

అటవీ రేంజి ఆఫీసులో ముందే అర్జీ ఇవ్వండి: తేదీ, మనుషుల లెక్క, బండి నంబరు, ఏ బండ. అది ఎర్రచందనం దొరికే సీమ, చీకట్లో తాళ్ళతో కనబడితే అనుమానిస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, బండ పాచి పట్టి జారుతుంది. సంక్రాంతి దాటాక మొదలుపెట్టండి. తేనెపట్టు వేలాడే బండ వైపు వెళ్ళనే వద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న